జంక్షన్ ఊరి చరిత్ర రాసుకోవడం ఎలా: గద్వాల లెక్క

జంక్షన్ ఊరి గురించి రాయమంటే చాలామంది స్టేషన్‌తో మొదలుపెడతారు. ఎన్ని ప్లాట్‌ఫారాలున్నాయి, ఏ బండి ఎన్ని గంటలకు వస్తుంది, ఎక్కడెక్కడికి పోవచ్చు అని రాసుకుంటూ పోతారు. అట్లా రాస్తే టైంటేబులు తయారవుతుంది గానీ ఊరి చరిత్ర కాదు. రెండు లైన్లు ఈ ఊళ్లోనే ఎందుకు కలిశాయో తెలియాలంటే ముందు ఏర్లు చూడాలి, తర్వాత సరిహద్దులు చూడాలి. పట్టాల దగ్గరికి ఆ తర్వాతే రావాలి.

నేను గద్వాల రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని. మా నాయన గ్యాంగ్‌మన్. ఇప్పుడు ఊళ్లో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు రికార్డులు టైపు చేయించుకోవడానికి వస్తుంటారు. ‘మా ఊరి చరిత్ర, భూగోళం’ అని వాళ్లు తెచ్చే కాగితాల్లో చాలావరకు నెట్‌లో దించుకున్నవే, అందులో వేరే ఊళ్ల సంగతులు కూడా కలిసిపోయి ఉంటాయి. వాళ్ల ఇంటి పక్కనే ఇంత సరుకుంటే ఎక్కడివో పేజీలు ఎందుకు? వాళ్లకు చెప్పే పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణ గద్వాలది. దేవరకద్రకో బీబీనగర్‌కో కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు ఏర్లు గీయండి

ఐదు ట్రేసింగ్ కాగితాలు, పెన్సిలు, రెండు మూడు రంగుల స్కెచ్ పెన్నులు కొనుక్కోండి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల వెబ్‌సైట్లో ఓపెన్ సిరీస్ మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో రెండు సెంటీమీటర్లు అంటే నేల మీద ఒక కిలోమీటరు. మీ ఊరున్న షీటు, దాని చుట్టుపక్కల షీట్లు దించుకుని ప్రింటు తీయించండి. ఇప్పుడు చెరువు ఎక్కడుంది, కాలువ ఎటు పోతుంది అనేది చూడటానికి ఇస్రో వాళ్ల మ్యాపు వెబ్‌సైటు భువన్ కూడా తెరిచి పెట్టుకోండి.

మొదటి కాగితం మీద నీళ్లు తప్ప ఇంకేమీ గీయకండి. పిల్లలకు ఇది ఓపిక పరీక్షే, ఊరి పేరు ఎప్పుడు రాద్దామా అని తొందరపడతారు. ఆగమంటాను. పైన కృష్ణ, కింద తుంగభద్ర. రెండూ తూర్పుకు పోతూ పోతూ దగ్గరై అలంపురం పక్కన కూడవెల్లి దగ్గర కలుస్తాయి. మధ్యలో మిగిలిన నేల నాగలి కర్రులాగా తూర్పుకు సన్నబడుతుంది. అదే మా నడిగడ్డ. ఇప్పుడు గద్వాల దగ్గర చుక్క పెట్టండి.

ఆ కాగితం వైపు కాసేపు చూస్తే చాలు, సగం చరిత్ర అందులోనే ఉంది. ఉత్తరానికి పోవాలంటే కృష్ణ దాటాలి. దక్షిణానికి తుంగభద్ర దాటాలి. తూర్పుకు పోతే రెండూ కలిసే చోట నేలే అయిపోతుంది. ఏరు దాటే పని లేకుండా పోగలిగేది పడమటికే, అంటే రాయచూరుకే. ఎడ్ల బండి కాలంలో గద్వాలకు అసలైన పొరుగు ఎవరో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇదే కాగితం మీద జూరాల ప్రాజెక్టు, ఏటి మధ్యలో మనుషులు కాపురముండే గుర్రంగడ్డ, జూరాల నీళ్లను పైకి ఎత్తిపోసే నెట్టెంపాడు, తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్ట గుర్తు పెట్టండి. రాజోలిబండ కాలువ కింద మన వైపు 87,500 ఎకరాలకు నీళ్లివ్వాలని లెక్క. ఆ నీళ్ల పంచాయితీ ఇప్పటిది కాదు, అది వేరే పుస్తకం. శ్రీశైలం డ్యాం కట్టాక వెనక నీళ్లు సంగమం దాకా వచ్చాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అలంపురంలో బాదామి చాళుక్యులు 7వ శతాబ్దంలో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలకు నీళ్లు రాకుండా కరకట్ట పోశారు. పాత మ్యాపులోని ఏటి వెడల్పు, ఇప్పటి వెడల్పు ఒకటి కావు. రెండింటినీ రెండు రంగుల్లో గీయండి.

తర్వాత నాలుగు కాగితాల మీద మిగతా కాలాలు

రెండో కాగితాన్ని మొదటిదాని మీద పెట్టి 1870ల నాటి రైళ్లు గీయండి. బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి వచ్చిన మద్రాస్ రైల్వే 1871లో రాయచూరులో కలిశాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం లైను పడింది. రెండూ పెద్ద లైన్లే, అంటే పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు. గద్వాలలో అప్పటికి ఒక్క పట్టా లేదు. కానీ పడమట దగ్గర్లోనే బొంబాయి నుంచి మద్రాసు పోయే బండి కూత పెడుతోంది. ఇది పిల్లలకు గట్టిగా చెప్తాను, ఎందుకంటే చాలామంది మన ప్రాంతానికి రైలు అంటే హైదరాబాద్ నుంచే మొదలైందనుకుంటారు.

మూడో కాగితం మీటర్ గేజిది. కాచిగూడ స్టేషన్ 1916లో కట్టారు. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా గద్వాల వైపు చిన్న లైను పడింది ఆ కాలంలోనే. దీని వెడల్పు ఒక మీటరు. తర్వాత అది తుంగభద్ర కూడా దాటి కర్నూలు మీదుగా డోన్ దాకా కలిసింది. ఇప్పుడు మొదటి కాగితాన్ని దీని కింద పెట్టి చూడండి. ఏరు అడ్డం లేని పడమటి వైపు వదిలేసి, రెండు పెద్ద ఏర్ల మీద వంతెనలు కట్టి మరీ ఉత్తర దక్షిణాలుగా లైను వేశారు. ఎందుకు? నా లెక్క ఇది: నిజాం సర్కారుకు కావాల్సింది సికింద్రాబాద్ నుంచి తన రాజ్యం దక్షిణపు అంచు దాకా తన సొంత దారి. రాయచూరుకు వేరే కంపెనీల పెద్ద లైను అప్పటికే ఉంది. చిన్న లైను తీసుకుపోయి దాని పక్కన నిలబెడితే బస్తా బస్తా దించి మళ్లీ ఎక్కించాల్సిందే. మీ ఊరికి మీ లెక్క వేరే రావచ్చు. కానీ ‘ఎందుకు’ అన్నదానికి ఒక జవాబు రాయకుండా ముందుకు పోకండి.

నాలుగో కాగితం మీద పట్టాలు వద్దు, సరిహద్దులు మాత్రమే. అన్నింటికంటే నాకిష్టమైన కాగితం ఇదే. నిజాం కాలంలో గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. తుంగభద్ర దాటితే బ్రిటిషు వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. అంటే మూడేళ్లపాటు మాకు ఏటి అవతల ఇంకో రాష్ట్రం రాజధాని ఉండేది! 1956 నవంబరు 1న రెండు పనులు ఒకేసారి జరిగాయి. దక్షిణాన తుంగభద్ర మీది రాష్ట్ర సరిహద్దు చెరిగిపోయింది. పడమట, ఏరే అడ్డం లేని నేల మీద కొత్త సరిహద్దు లేచింది. రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి పోయింది. గద్వాల, అలంపురం తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలోకి వచ్చాయి. 2014 జూన్ 2న తుంగభద్ర మీది గీత మళ్లీ వచ్చింది. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడింది. ఒక్కో తేదీకి ఒక్కో రంగు వాడండి.

ఐదో కాగితం మన కళ్ల ముందటిది. 1990ల్లో చిన్న లైను తీసేసి పెద్ద లైను వేశారు. 2013లో గద్వాల–రాయచూరు లైను మొదలైంది, దాదాపు 60 కిలోమీటర్లు. అప్పుడు గద్వాల జంక్షన్ అయింది. జిల్లా విడిపోయిన 57 ఏళ్లకు రాయచూరుతో పట్టా కలిసిందన్నమాట. ఐదు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూస్తే, కొత్త లైను నిజానికి అన్నిటికంటే పాత దారి మీద పడిందని అర్థమవుతుంది. గద్వాల జంక్షన్ గురించి నాకు తెలిసిన ముఖ్యమైన సంగతి ఇదే. ఇది టైంటేబుల్లో దొరకదు.

ఈ కాగితం మీదే దేవరకద్ర కూడా గుర్తు పెట్టండి. మహబూబ్‌నగర్–మునీరాబాద్ లైనులో భాగంగా దేవరకద్ర నుంచి మక్తల్ మీదుగా కృష్ణా స్టేషన్ దాకా పట్టాలు పడ్డాయి. 2023 అక్టోబరు 1న జక్లేరు–కృష్ణా ముక్క మొదలై, కాచిగూడ నుంచి రాయచూరుకు ఆ దారిన బండి వచ్చింది. అంటే హైదరాబాద్–రాయచూరు మధ్య ఇప్పుడు రెండు దారులు. గద్వాల జంక్షన్‌కు దీనివల్ల ఏం తగ్గింది, ఏం తగ్గలేదు అనేది మంచి ప్రశ్న. జవాబు స్టేషన్‌లో కూర్చుని చూసి రాయాలి.

స్టేషన్‌లో ఏం చదవాలి

పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్ కొనండి. స్టేషన్ మాస్టర్ గారిని కలిసి ఫలానా పని మీద వచ్చామని చెప్పండి, ఫోటోలు తీసుకోవాలంటే అడిగి తీసుకోండి. పట్టాల మీదికి దిగకండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, కరెంటు ఇంజన్లు చప్పుడు చేయకుండా వస్తాయి. నాయన సర్వీసులో ఏం చూశాడో ఇంట్లో అందరికీ తెలుసు. ఈ మాట నేను ఊరికే చెప్పడం లేదు.

ప్లాట్‌ఫారం చివర పసుపు పచ్చ బోర్డు ఉంటుంది. అందరూ ఊరి పేరు చూసి వదిలేస్తారు. పేరు కింద చిన్న అక్షరాల్లో సముద్రమట్టం నుంచి ఆ స్టేషన్ ఎంత ఎత్తున ఉందో మీటర్లలో రాసి ఉంటుంది. దాన్ని నోటుబుక్కులో ఎక్కించుకోండి. మహబూబ్‌నగర్ నుంచి కర్నూలు దాకా ప్రతి స్టేషన్ బోర్డు మీది అంకె రాసుకుని గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలపండి. మహబూబ్‌నగర్ నుంచి నేల కృష్ణ వైపు ఎట్లా దిగిపోతుందో ఆ గీతలోనే కనిపిస్తుంది. పైసా ఖర్చు లేని భూగోళ పాఠం. ప్రతి స్కూలూ చేయించొచ్చు.

తర్వాత పట్టా నడుం చూడండి. పట్టాకు తల, నడుం, పాదం ఉంటాయి. నడుం మీద ఉబ్బెత్తు అక్షరాల్లో ఎవరు తయారు చేశారు, ఎంత బరువు పట్టా, ఏ నెల, ఏ సంవత్సరం అని ఉంటుంది. ఇప్పటి పెద్ద లైను పట్టా మీద 60 అని ఉంటే మీటరు పట్టా 60 కేజీలు తూగుతుందని. ప్లాట్‌ఫారం మీద నిలబడి అవతలి లైను పట్టాను ఫోన్ కెమెరా జూమ్ చేసి చదవొచ్చు. అంతకంటే మంచివి పాత పట్టా ముక్కలు. చిన్న లైను ఎత్తేసినప్పుడు పట్టాలను కోసి కంచెలకు, గేట్లకు, షెడ్లకు స్తంభాలుగా పాతారు. రంగు మీద రంగు వేసి అక్షరాలు కనపడవు. మా నాయన వాటిని వేలితో తడిమి చదివేవాడు. బూడిద గానీ సుద్దపొడి గానీ తడిగుడ్డతో రుద్ది, పైపైన తుడిస్తే ఉబ్బెత్తు అక్షరాలు తేలతాయి. పైన తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో అడ్డంగా రుద్దినా అచ్చు దిగుతుంది. స్టేషన్ బయట, రోడ్డు పక్కన ఉన్నవాటికే ఈ పని చేయండి. సంవత్సరం దొరికితే అది మీ ఊళ్లో చేత్తో ముట్టుకోగలిగే రైలు చరిత్ర. ఒక్క జాగ్రత్త: పట్టా తయారైన ఏడు, లైను వేసిన ఏడు ఒకటే కానక్కర్లేదు. పాత పట్టాలు ఒక చోట ఎత్తి ఇంకో చోట వేయడం మామూలే.

కరెంటు స్తంభాల మీద గీతకు పైన ఒక అంకె, కింద ఒక అంకె ఉంటాయి. పైది కిలోమీటరు, కిందిది ఆ కిలోమీటరులో ఎన్నో స్తంభమో. ఎటు పోతే పైఅంకె పెరుగుతుందో, ఎటు పోతే తగ్గుతుందో చూడండి. తగ్గుతూ పోయే వైపే లైను మొదలు. రాయచూరు లైను స్తంభాలు కూడా చూసి రెండు లెక్కలూ ఎక్కడ విడిపోతాయో రాసుకోండి.

సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా రెండో లైను 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమైంది. అక్కడి నుంచి డోన్ దాకా డబ్లింగ్ కూడా మంజూరైంది. సింగిల్ లైను మీద ఎదురు బండి కోసం ఒక బండిని స్టేషన్‌లోని పక్క లైన్లో (లూప్ లైన్) ఆపడాన్ని మనం ‘క్రాసింగ్ పడింది’ అంటాం. మీరు స్టేషన్‌లో ఉన్నప్పుడు క్రాసింగ్ పడితే అది మీ అదృష్టం. ఏ బండిని ఆపారు, ఏది ముందు పోయింది, ఆగిన బండి దిగి జనం ఏం కొన్నారు, అన్నీ రాయండి.

గూడ్సు వైపు కూడా ఒక చూపు వేయండి. ఏ సరుకు దిగుతోంది, ఏది ఎక్కుతోంది అని హమాలీలను అడగండి. కాగితాల కంటే వాళ్లు చెప్పేదే ముందు తెలుస్తుంది.

కిటికీ పక్కన ఒక ప్రయాణం

పగటి పూట ప్యాసింజర్ బండి ఎక్కండి. తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ కూడా సరిపోతుంది గానీ చిన్న స్టేషన్లలో ఆగదు. మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర, కౌకుంట్ల, కురుమూర్తి, వనపర్తి రోడ్, గద్వాల, ఇటిక్యాల, మానోపాడు, అలంపూర్ రోడ్ దాటి కర్నూలు దాకా పోండి. వనపర్తి రోడ్ స్టేషన్ ఉన్నది మదనాపురంలో. వనపర్తి అక్కడికి చాలా దూరం. అలంపూర్ రోడ్ నుంచి అలంపురం కూడా అంతే. వనపర్తి, గద్వాల, ఆత్మకూరు, కొల్లాపూర్ వైపు జటప్రోలు ఇవన్నీ నిజాం కింద ఉన్న చిన్న రాజ్యాలు, అంటే సంస్థానాలే. వాటిలో లైను ఊరికి ఆనుకుని పోయింది గద్వాలకే. ఏ సంస్థానం ఊరు పెరిగింది, ఏది పెరగలేదు అని వాదించుకునే ముందు ఈ దూరాలు కొలవండి.

మరో సంగతి. హైదరాబాద్–బెంగళూరు హైవే గద్వాల రాదు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి ఎర్రవల్లి చౌరస్తా మీదుగా నేరుగా కర్నూలు పోతుంది. రైలు ఒక దారి, రోడ్డు ఒక దారి. గద్వాల మనిషి బస్సులో పోవాలంటే ముందు ఎర్రవల్లి చేరాలి, రైలుకైతే ఇంటి నుంచి ఆటో చాలు. ఎర్రవల్లి ఇప్పుడు ఎట్లా పెరుగుతోందో, మా స్టేషన్ రోడ్డు ఎట్లా ఉందో పక్కపక్కన పెట్టి రాస్తే ఒక పేజీ తేలిగ్గా నిండుతుంది.

కృష్ణ వంతెన వనపర్తి రోడ్ దాటాక వస్తుంది, తుంగభద్ర వంతెన కర్నూలు ముందర. రెంటి మధ్యా నేల రంగు గమనించండి. గద్వాల చుట్టూ చెల్కలు (ఎర్ర నేలలు), గుండ్లు. మానోపాడు, అలంపురం వైపు నల్లరేగడి. వంతెన మీద నీటి మట్టం ఏ కాలంలో ఎట్లా ఉందో తేదీ వేసి రాయండి. 2009 అక్టోబరు వరదలో కర్నూలు, అలంపురం మునిగిన సంగతి చెప్పేవాళ్లు ఈ బండ్లలో ఇప్పటికీ దొరుకుతారు.

పెద్దవాళ్లను అడగడం

ఇది అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సిన పని. మ్యాపు వచ్చే ఏడు కూడా ఉంటుంది. చిన్న లైను మీద పనిచేసిన గ్యాంగ్‌మన్లు, కీమన్లు, పాయింట్స్‌మన్లు రోజురోజుకూ తగ్గిపోతున్నారు.

సంవత్సరం అడగకండి. ‘తాతా, చిన్న లైను ఏ సంవత్సరంలో తీసేశారు?’ అంటే ‘ఏమో బిడ్డా, శానా ఏండ్లాయె’ అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. అదే ‘మీ పెద్దబిడ్డ పెండ్లికి చుట్టాలు ఏ బండిల వచ్చిరి?’ అని అడగండి.

‘చిన్న లైన్లనే వచ్చిరి. కాచిగూడల పొద్దుగాల ఎక్కితే దిగేసరికి మొఖాలన్నీ మసి. కిటికీకాడ కూసున్నోల్ల కండ్లల్ల నుసి పడుతుండె.’

‘మీ చిన్నబిడ్డ పెండ్లికి?’

‘అప్పటికి పెద్ద లైను వచ్చేసింది.’

రెండు పెండ్లిళ్ల మధ్యలో ఒక యుగం మారిపోయింది. లగ్నపత్రికలు ఇంట్లో ఉంటే తేదీలు కూడా దొరుకుతాయి. పాత కాలానికి ఇంకొన్ని గుర్తులు వాడుకోండి: రజాకార్ల గొడవ, 1948 పోలీసు చర్య, కర్నూలు రాజధాని అయిన నాడు, 1957లో నయా పైసలు వచ్చిన ఏడు. ఏటి అవతలికి పోయేటప్పుడు నిజాం హాలీ సిక్కా రూపాయలను బ్రిటిషు కల్దారుకు మార్చుకునేవారా, కరోడ్‌గిరి నాకా (సుంకం చౌకీ) దగ్గర మూటలు విప్పి చూపించాల్సి వచ్చేదా అని ఎనభై, తొంభై దాటినవాళ్లను అడగండి. వాళ్లు చూడకపోయినా వాళ్ల నాయన చెప్పింది గుర్తుండొచ్చు. అది అలా అని రాయండి.

ఆడవాళ్లను అడగడం మరిచిపోతారు. రైల్వే క్వార్టర్లలో మా అమ్మ వాళ్లకు తెలిసినంత బండ్ల లెక్క స్టేషన్లో కూడా ఉండదేమో. ఏ బండి కూతకు పొయ్యి అంటించాలి, ఏ బండి పోయాక నల్లా దగ్గరికి పోవాలి అని వాళ్ల రోజంతా పట్టాల మీదే నడిచేది. వలస పోయిన ఇండ్లలో కూడా అడగండి. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి బొంబాయి, పూణె పోయిన కూలీలు ఏ స్టేషన్లో ఎక్కారు, రాయచూరుకు ఎట్లా చేరారు, పిల్లలను ఎవరి దగ్గర వదిలారు. 2013కు ముందు రాయచూరు చేరడం, తర్వాత చేరడం రెండూ పోల్చి చెప్పమనండి. ఇలాంటి మాటలు రాసుకునేటప్పుడు వాళ్ల పేరు వేయొచ్చా అని తప్పకుండా అడగాలి. వద్దంటే వేయకూడదు.

కాగితాలు

1909లో అచ్చయిన ఇంపీరియల్ గెజిటీర్ హైదరాబాద్ సంపుటి నెట్‌లో ఉచితంగా చదవొచ్చు. మా లైను రాకముందు అచ్చయింది కాబట్టి రైలు లేని గద్వాల ఎట్లా ఉండేదో చూడటానికి అదే మంచిది. 1976 నాటి మహబూబ్‌నగర్ జిల్లా గెజిటీర్, ప్రతి పదేళ్లకు వచ్చే జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు పక్కన పెట్టుకుంటే జనాభా, చేతిపనులు, సంతలు ఎట్లా మారాయో తెలుస్తుంది. నిజాం కాలం ఫైళ్లు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో చాలా వరకు ఉర్దూ, ఫారసీ. ఉర్దూ చదవగలిగే పెద్దమనిషిని వెంట తీసుకుపోండి. ఇంట్లో పాత రైల్వే పాసులు, జీతం చిట్టీలు, టైంటేబుళ్లు ఉంటే వాటిని కూడా కాగితాలుగానే లెక్కించండి.

కోట నుంచి స్టేషన్ దాకా నడవండి

జంక్షన్ ఊరంటే జంక్షన్ ఒక్కటే కాదు. గద్వాలలో రైలు రాకముందే ఒక ఊరుంది. సంస్థానం పాలకుడు సోమనాద్రి కట్టించిన మట్టికోట, అందులో చెన్నకేశవస్వామి గుడి. కార్తీక, మాఘ మాసాల్లో పండితులను పిలిచి సన్మానించే అలవాటు వల్ల ‘విద్వద్గద్వాల’ అన్న పేరు వచ్చింది. చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరుతో ఉన్న డిగ్రీ కాలేజీ ఆ కోటలోనే నడుస్తోంది. కోట దగ్గర మొదలుపెట్టి స్టేషన్ దాకా నడవండి. ప్రతి వీధిలో ఏ వ్యాపారం ఉంది, ఇల్లు మట్టిదా రాతిదా సిమెంటుదా, బోర్డుల మీద ఏ భాషలున్నాయి, అన్నీ రాసుకోండి. ఎక్కడి దాకా సంస్థానం ఊరు, ఎక్కడి నుంచి రైలు తెచ్చిన ఊరు అనేది నడిచినవాళ్లకే తెలుస్తుంది. ఒక్కోసారి ఒకే వీధిలో మారుతుంది.

మగ్గాల ఇండ్లలోకి అడిగి పోండి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పడుగుకు పట్టు పడుగును అతికే చోటే పనితనమంతా. తిరుమల వెంకన్నకు బ్రహ్మోత్సవాలప్పుడు సమర్పించే ఏరువాడ జోడు పంచెలు ఇక్కడే నేస్తారు. సంస్థానం కాలం నుంచి వస్తున్న ఆచారమది. పట్టు ఎక్కడి నుంచి వస్తుంది, జరీ ఎక్కడిది, చీర ఎవరు కొని ఏ ఊరికి తీసుకుపోతారు, బండిలోనా బస్సులోనా అని అడిగితే ఊరి భూగోళం మగ్గం దగ్గరే బయటపడుతుంది. సీడు పత్తి రైతులను కూడా ఇదే ప్రశ్న అడగండి. విత్తనం ఎవరికి పోతుంది, పూల మీద పూలు అద్దే పనికి కూలీలు ఎక్కడి నుంచి వస్తారు.

రాయడం

నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: చూసింది, చదివింది, విన్నది. ప్రతి సంగతీ ఏదో ఒక గడిలోకి పోవాలి. సోమనాద్రి పరాక్రమం గురించి ఊళ్లో చెప్పుకునే కథలు ‘విన్నది’ గడిలో ఉంటాయి. అట్లా ఉన్నంత మాత్రాన వాటి విలువ తగ్గదు. కానీ చదివినదానితో కలిపేస్తే రెండూ చెడిపోతాయి. ఒకే సంగతి రెండు మూడు గళ్లలోనూ దొరికితే పక్కన టిక్కు పెట్టండి. టిక్కులున్నవి ముందు రాయండి.

వరస ఇలా పెట్టుకుంటే కుదురుతుంది: ఏర్లు, పాత ఊరు, సరిహద్దులు, చిన్న లైను, పెద్ద లైను, జంక్షన్, మనుషులు. మనుషుల భాగమే అన్నిటికంటే పెద్దగా రావాలి. పిల్లలు రాజుల భాగాన్ని పెంచుతారు. పెంచొద్దంటాను. రాజుల గురించి రాసినవాళ్లు ఇప్పటికే ఉన్నారు, బండి దారి మార్చే కాంటా తిప్పినవాళ్ల గురించి రాసినవాళ్లు లేరు.

ఐదు ట్రేసింగ్ కాగితాలను రికార్డులో ఒకే చోట, ఒకదాని మీద ఒకటి పెట్టి చూసే వీలుగా ఒక అంచున కుట్టండి. చివర మీరు రాసిన తేదీ వేయండి, ఎందుకంటే లెక్క ఇంకా మారుతుంది. డోర్నకల్ నుంచి సూర్యాపేట, నల్లగొండ, వనపర్తి మీదుగా గద్వాలకు కొత్త లైను కోసం సర్వే మంజూరైంది, దాదాపు 296 కిలోమీటర్లు. అది పడితే గద్వాలలో నాలుగో దిక్కు నుంచి పట్టాలు కలుస్తాయి. మీ తర్వాత వచ్చేవాళ్లు ఆరో కాగితం గీయాల్సి ఉంటుంది, వాళ్లకు ఖాళీ కాగితం ఒకటి కుట్టి ఉంచండి.

మూడు కాపీలు తీయించండి. ఒకటి కాలేజీకి, ఒకటి ఊరి గ్రంథాలయానికి. మూడోది మీకు ఎక్కువ సంగతులు చెప్పిన పెద్దమనిషి ఇంటికి తీసుకుపోయి, ఆయన గురించి రాసిన పేజీ ఆయన ముందే చదివి వినిపించండి. తప్పులుంటే అప్పుడే చెప్తారు. దిద్దిన తర్వాతే బైండింగుకు ఇవ్వండి.